ఫ్రీజరుకు పొట్టు కప్పిన కథ

ఆ రోజు సాయంత్రం నాలుగూ పదికి కరెంటు వచ్చింది. ఇందులో విశేషమేమీ లేదు. బత్తలపల్లెలో కరెంటు రావడం, పోవడం ఆవులింతల్లాంటివి, ఎవరూ పట్టించుకోరు. నేను గడియారం చూసింది కూడా కరెంటు కోసం కాదు, నాలుగున్నరకు ట్యూషను పిల్లలు వస్తారని. కానీ ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా అప్పుడే మా బావ తెచ్చిన ఫ్రీజరు మొదటిసారి గుర్రుమంది. ఆ శబ్దం విని నేను, ఇంత కష్టపడి పుట్టిస్తున్న చల్లదనం బయటికి పోకుండా మనమూ ఏదైనా చేయాలి కదా అనుకున్నాను.

అనుకుని ఊరుకుని ఉంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. నేను ఊరుకోలేదు. ఫలితంగా ఒక యంత్రానికి ఊపిరాడలేదు, ఒక మెకానిక్కుకు నెల రోజులు తుమ్ములు ఆగలేదు, మా బావ బతుకుతెరువు ఒక గ్లాసు అంచు దాకా వచ్చి ఊగింది. మొత్తం వ్యవహారంలో బాగుపడింది ఒక్క కోడి.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. నేను బత్తలపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతూ అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ పేరు ఆంజనేయులు. బెంగుళూరు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీలో పదేళ్లకు పైగా పనిచేశాడు. బీరును పులియబెట్టే పెద్ద తొట్లు చూసుకోవడం ఆయన పని. తాగేది తక్కువ, వాసన చూసేది ఎక్కువ. ఫ్యాక్టరీ చేతులు మారింది, కొత్తవాళ్లు పాతవాళ్లను ఇళ్లకు పంపేశారు. బావ ఒక ట్రంకుపెట్టెతో వచ్చి వసారాలో మంచం వాల్చుకుని పడుకున్నాడు.

అట్లా చాలా కాలం పడుకున్నాడు. పలకరిస్తే "ఊ" అనేవాడు. రెండోసారి పలకరిస్తే ఆ "ఊ" కూడా ఉండేది కాదు. తిన్నాక కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా కూర్చునేవాడు. అక్క నాతో అనేది, "దుడ్లు లేకపోతే పోనీరా శీనా. మనిషి నోరు తెరిస్తే చాలు నాకు."

అట్లాంటి మనిషికి ఒకరోజు ఫోను వచ్చింది. చేసింది శివణ్ణ, ఫ్యాక్టరీలో బావకు పైన ఉండినవాడు. పావగడ మనిషి, తెలుగు కన్నడం కలిపి మాట్లాడతాడు. బెంగుళూరులో ఎవరో బీరును అక్కడే తయారుచేసి అక్కడే పోసే హోటలు పెట్టబోతున్నారట. శివణ్ణ వాళ్లతో చేరాడట, ఇంకో పని తెలిసినవాడు కావాలట.

"తొట్లు కడిగినోడా, బీరు చేసినోడా అని మావాళ్లు అడుగుతాండారు ఆంజనేయులూ," అన్నాడు శివణ్ణ. "నీ చేత్తో ఒకసారి చేసి పెట్టు. వచ్చే నెల ఇంటోళ్లతో లేపాక్షికి వస్తాండా, మొక్కు ఉండాది. అట్లే మీ ఊరికొచ్చి రుచి చూస్తా. బాగుంటే నాతో వచ్చేయ్."

బావ మంచం దిగాడు. దిగడమే కాదు, ఆ సాయంత్రమే మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. అక్క ఆ మంచం వైపు చూసి, నా వైపు చూసి, లోపలికి పోయి ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం వేసింది.

ఇంట్లో బీరు చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా అని మీరు అడగవచ్చు. మేము అడగలేదు.

బీరుకు ఫ్రీజరు ఎందుకన్నది రెండో సందేహం. అది అక్కకే వచ్చింది.

"తాగేముందర చల్లగ చేసుకుంటారు గానీ, చేసేటప్పుడు కూడా చల్లగుండాల్నా?"

"ఈ రకానికి ఉండాల," అన్నాడు బావ. "పన్నెండు డిగ్రీలు. అది దాటితే పులియబెట్టే ఈస్టు పిచ్చిపట్టినట్ల తింటాది. బీరు అరటిపండు వాసన కొడతాది, ఆమీద పులుస్తాది."

"మన ఊర్లో పన్నెండు డిగ్రీలు యాడుండాదప్పా? మాఘమాసంలో కూడా గడప కాలుతాది."

"అందుకే ఫ్రీజరు."

"మనుషులకు తాగను నీళ్లు క్యాన్లలో కొంటాండాము. బీరుకేమో చల్లని గది." అక్క మీసాలకు సంపెంగ నూనె సామెత మొదలుపెట్టబోయి, ఆయన నోరు తెరిచి అంత పొడుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చినట్టుంది, మింగేసింది.

ధర్మవరంలో మూతబడ్డ ఐస్‌క్రీం అంగడి నుంచి ఫ్రీజరు వచ్చింది. నిలువు ఫ్రిజ్ కాదు, పైన మూత తెరిచే పొడుగాటి పెట్టె. దాన్ని వెనక కొట్టంలో పెట్టాము. ఎద్దుల్ని అమ్మేశాక ఆ కొట్టం ఖాళీగానే ఉంది. ఎడమవైపు ఎద్దు నిలబడే చోట ఫ్రీజరు నిలబడింది. మేత వేసే గాడిలో బావ తన సీసాలు, ట్యూబులు సర్దుకున్నాడు.

తర్వాత మాబు వచ్చాడు. మాబు బోరు మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు. మా ఊళ్లో తిరిగేది, మోగేది, వెలిగేది ఏదైనా ఆయన శాఖ కిందికే వచ్చేది. ఫ్రీజరును దాని మానాన వదిలేస్తే బీరును ఐసు దిమ్మె చేసి పెడుతుంది. పన్నెండు దగ్గర ఆపి, వేడి పెరిగితే మళ్లీ నడిపించే థర్మోస్టాటు ఒకటి కావాలి. మాబు ఎవరిదో కోళ్ల ఫారానికి పోయి, గుడ్లు పొదిగించే పెట్టెలో వాడేది పట్టుకొచ్చాడు.

"ఇది వేడి పుట్టించేది కదా మాబూ?" అన్నాను.

"తీగలు తిరగేస్తే చల్లదనానికి పనిచేస్తాది సార్. దానికేం తెలుసు, గుడ్డో బీరో."

తిరగేశాడు. పనిచేసింది. గుడ్లు పొదిగించే పెట్టె సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. మేము మరిచిపోయాము.

బెంగుళూరు నుంచి తెప్పించిన బార్లీ మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, బావ ఒక రోజంతా కాచాడు. అందులో మా రాగి మొలకల పిండి కొంచెం కలిపాడు. చల్లార్చి, ఈస్టు వేసి, నీళ్ల క్యానులో పోసి మూత బిగించాడు. మూతలోంచి ఒక రబ్బరు ట్యూబు, ట్యూబు కొస నీళ్ల సీసాలో. ఈస్టు పనిచేస్తుంటే ఆ సీసాలో బుడగలు వస్తాయి. థర్మోస్టాటు మొనను క్యానుకు ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి కట్టాడు. బయట ఎర్ర అంకెలు వెలిగాయి. బావ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని బుడగల చప్పుడు వింటూ ఉండిపోయాడు.

ఇక్కడ నేను ప్రవేశిస్తాను.

చిన్నప్పుడు తిరునాళ్లకు సోడాలమ్మేవాళ్లు ఐసు దిమ్మెలు తెచ్చేవాళ్లు. దిమ్మె చుట్టూ పొట్టు పోసి గోనెసంచి చుడితే మండే ఎండలో కూడా సాయంత్రం దాకా కరిగేది కాదు. పొట్టు మధ్య గాలి చిక్కుకుంటుంది, ఆ గాలి వేడిని దాటనివ్వదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పాఠం నేను ఐసు దిమ్మె బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. చదివేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో ఉన్నది ఎంతో, పోయింది ఎంతో తేల్చడం కష్టం.

మా వీధి చివర శనక్కాయలు కొట్టే మిషను ఉండేది. దాని పక్కన పొట్టు ఇంటి ఎత్తున పడి ఉండేది, ఇటుకల బట్టీవాళ్లు వచ్చి తీసుకుపోయేదాకా ఎవరికైనా ఉచితం. నేను ఫ్రీజరు చుట్టూ ఒక జానెడు ఎడంగా వెదురు తడికలు నిలబెట్టి, ఆ సందులో గోనెల కొద్దీ శనక్కాయ పొట్టు పోసి కర్రతో కూరాను. మూత మీద నా బొంత కప్పాను. మోటారు ఉన్న మూల మాత్రం చేతి వెడల్పు కిటికీ వదిలాను. అంత తెలివి నాకుంది అని చెప్పడానికే ఈ వాక్యం.

బావ వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు. "బాగుండాది," అన్నాడు. "ఐసు దిమ్మెకు కట్టినట్ల కట్టినావు." ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట మీద నేను రెండు రోజులు తేలుతూ తిరిగాను.

మూడో రోజు ఎర్ర అంకె పదహారు చూపించింది.

"శీనా, ఇట్ల రా," అని పిలిచాడు బావ. "దీని చప్పుడు విను."

విన్నాను. ఫ్రీజరు టక్కుమంది, గుర్రుమంది, కాసేపటికి మళ్లీ టక్కుమని ఊరుకుంది. కొండెక్కే ముసలాయన మెట్టు మెట్టుకీ కూర్చున్నట్టుంది.

"ఆయాసపడతాండాది," అన్నాడు బావ.

"చల్లదనం యాడో కారిపోతాండాది బావా. మనం కప్పింది చాలదు."

ఇంకో రెండు మూటల పొట్టు తెచ్చాను. మోటారు దగ్గర వదిలిన కిటికీ నాకు అనుమానంగా కనిపించింది. చల్లదనం అంతా అక్కడినుంచే పోతోందని తేల్చి దాన్ని కూడా కూరేశాను. మర్నాటికి అంకె పందొమ్మిది.

మాబు వచ్చాడు. కొట్టంలో అడుగుపెట్టగానే తుమ్మాడు. ఆయనకు పొట్టు దుమ్ము పడదు.

"ఏమన్నా ఇది, ఫ్రీజరా, గడ్డివామి దొడ్డా? ముందర ఈ పొట్టు తీపియ్యండి. నాకు మిషను కనపడల్ల."

మోటారు వైపు తడికలు పక్కకు జరిపాము. పొట్టు కుప్పలు కుప్పలుగా కింద పడింది. మాబు మోటారు దగ్గర కూర్చుని, తుమ్ముతూ, ఒక టెస్టరుతో అక్కడక్కడ ముట్టుకుని చూశాడు.

"ఓల్టేజీ లేదు సార్. అందరూ బోర్లు ఏసినారు. స్టెబిలైజరు పెట్టాల."

స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు. అక్క టీ ఇచ్చింది. మాబు నిదానంగా టీ తాగాడు, వాళ్ల చెల్లెలి పెళ్లి సంగతులు చెప్పాడు. ఫ్రీజరు ఆగకుండా గుర్రుమంటూనే ఉంది. చీకటి పడేసరికి అంకె పదమూడుకు దిగింది.

"చూసినారా," అన్నాడు మాబు లేస్తూ. "చెయ్యి పడాలన్నా, చెయ్యి."

ఆయన పోగానే నేను తడికలు మళ్లీ నిలబెట్టి, కింద పడ్డ పొట్టంతా ఎత్తి, ఇంతకు ముందుకంటే గట్టిగా కూరాను. ఎందుకంటే ఇప్పుడు చల్లదనం వచ్చింది, కాపాడుకోవాలి కదా.

మీకు అర్థమైపోయింది. మాకు కాలేదు. మర్నాడు ఫ్రీజరు ఆగింది. మాబు మళ్లీ వచ్చాడు, తుమ్మాడు, పొట్టు తీయించాడు, ఈసారి తీగలు తారుమారయ్యాయేమోనని విప్పి మళ్లీ బిగించాడు, ఫ్రీజరు పనిచేసింది. ఆయన పోయాడు, నేను పొట్టు కూరాను, ఫ్రీజరు ఆగింది. ఇంకోసారి వచ్చి గ్యాసు తగ్గిందేమో అన్నాడు, ఇంకోసారి థర్మోస్టాటు మొన క్యానుకు దూరం జరిగిందన్నాడు. ఏం చేసినా ఆయన ఉన్నంతసేపు చక్కగా నడిచేది. ఆయన సైకిలు సందు మలుపు తిరిగిన కొంతసేపటికి, నేను పొట్టు కూరడం ముగించి చేతులు దులుపుకుంటుండగా, టక్.

"దీనికి మాబంటే భయంరా," అన్నాడు బావ ఆలోచనగా.

"పెండ్లికూతురి మాదిరి ఆయప్పతోనే పంపించండి," అంది అక్క.

బావ నవ్వలేదు. మాల్టు మళ్లీ తెప్పించుకోవడానికి వ్యవధి లేదు. శివణ్ణ వచ్చే ఆదివారం దగ్గరపడుతోంది. బుడగలు మొదట్లో వరసగా వచ్చినవి, ఒకరోజు ఉడుకు పట్టినట్టు పొంగి ట్యూబులోకి నురగ తన్నాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. "ఈస్టు ఓర్చుకుంటాదిలే. దానికీ బతకాలని ఉంటాది కదా," అన్నాడు. అని, మళ్లీ బక్కెట్టు మీద కూర్చున్నాడు. ఆ రాత్రి గోడకు నిలబెట్టిన మంచం వైపు ఆయన ఒకసారి చూడడం నేను గమనించాను. అక్క కూడా గమనించింది.

మర్నాడు పొద్దున నాతో మెల్లగా అంది, "ఏమన్నా చెయ్యిరా శీనా. ఆ మంచం మళ్లా కిందికి దిగితే నేను చూడలేను."

అక్క అట్లా అడిగాక మనిషి ఏమైనా చేస్తాడు. నేను మాబు ఇంటికి పోయి ఆయన పాత చొక్కా ఒకటి అడిగాను.

"ఎందుకు సార్?"

"ఫ్రీజరు మీద ఆరేస్తాం. నువ్వు ఉండావనుకుంటాది."

మాబు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను సైన్సు చెప్పే వాళ్లలో ఆయన కొడుకు కూడా ఒకడు. ఏమనుకున్నాడో, లోపలికి పోయి గ్రీజు మరకల నీలం చొక్కా తెచ్చి చేతిలో పెట్టాడు. నవ్వులాటగానే అడిగానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. పూర్తిగా నవ్వులాట కాదు. దాన్ని తెచ్చి బొంత మీద పరిచాను. అంటే ఫ్రీజరుకు ఇంకో పొర కప్పాను.

ఈ గొడవలో పడి అక్క నల్లకోడిని ఎవరూ పట్టించుకోలేదు. అది పొదుగుకు కూర్చుందని అక్కకు తెలుసు. రోజుకోసారి వచ్చి నాలుగు గింజలు తిని, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయేది. ఎక్కడ కూర్చుందో మాత్రం దొరకలేదు. గంప కింద లేదు, కట్టెల మోపు వెనక లేదు. "బావురుపిల్లి పాలు చేసుకుంటాది గుడ్లన్నీ," అని అక్క సణుక్కుంది.

ఆదివారం వచ్చింది. శివణ్ణ భార్యనూ, పిల్లల్నీ లేపాక్షిలో బంధువుల దగ్గర వదిలి ఒక్కడే వచ్చాడు. నుదుటన కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం. పెద్ద మనిషి, నెమ్మది మనిషి. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొట్టంలోకి తీసుకుపోయి, క్యానులోంచి ఒక గ్లాసు పట్టి ఇచ్చాడు.  అక్క కొట్టం వాకిట్లో నిలబడింది. తుమ్ములకు భయపడి మాబు వీధిలోనే ఉన్నాడు. నేను నా పొట్టుగోడ పక్కన నిలబడ్డాను, కట్టించిన మేస్త్రీలాగ.

శివణ్ణ గ్లాసు ఎత్తి వెలుగులో చూశాడు. వాసన చూశాడు. అక్కడే సగం తీర్పు అయిపోయింది, ఆయన కనుబొమలు కదిలాయి. కొంచెం నోట్లో పోసుకున్నాడు. మింగాలా ఉమ్మాలా అని ఆలోచించి, ఇల్లాలు చూస్తోందని మింగాడు.

చేతి వెనకతో మూతి తుడుచుకున్నాడు.

"ఏనప్పా ఆంజనేయులూ," అన్నాడు చివరికి. "అరటితోట చుట్టు తిరిగి, చింతచెట్టు ఎక్కి దిగినట్ల ఉండాదే."

బావ తల దించుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. అప్పుడే, ఫ్రీజరు లోపలినుంచో, గోడలోంచో, సన్నగా ఒక చప్పుడు.

కియ్. కియ్ కియ్.

శివణ్ణ తన చేతిలోని గ్లాసు వైపు చూశాడు. "నీ బీరు కూస్తాండాదా?"

అక్క ఒక్క అంగలో వచ్చింది. నన్ను పక్కకు నెట్టి, మేము ఒక్కసారీ కదపని వెనక మూలలో తడికకూ ఫ్రీజరుకూ మధ్య పొట్టులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. నల్లకోడి కొట్టాన్నంతా దద్దరిల్లజేస్తూ బయటికి ఎగిరింది. అక్క చెయ్యి బయటికి తీసింది. పిడికిట్లో తడి ఆరని పసుపురంగు కోడిపిల్ల. ఇంకా లోపల కూతలే కూతలు.

"దొరికినాయి," అంది అక్క. వెంటనే పిల్లను రెండో చేతిలోకి మార్చి, పొట్టులో పెట్టిన చెయ్యి ఊదుకుంది. "ఏమప్పా ఇది, ఈ గోడ పొయ్యి మీది పెనం మాదిరి కాలుతాండాది."

బావ తలెత్తాడు. నడిచి వచ్చి, తడిక లాగి పారేసి, పొట్టు తోసేసి, ఫ్రీజరు పక్కగోడ మీద అరచెయ్యి పెట్టాడు. చప్పున తీశాడు. మళ్లీ పెట్టాడు. నా వైపు చూశాడు.

"రేయ్ శీనా."

"బావా."

"లోపల చల్లగ కావాలంటే ఏం చెయ్యాల?"

"లోపలుండే వేడి తియ్యాల."

"తీసిన వేడి యాడికి పోతాది?"

"బయటికి."

"యాడినుంచి?"

నేను ఫ్రీజరు గోడ వైపు చూశాను. వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ రేకు వెనకే ఉంటాయి. పెట్టె ఫ్రీజర్లన్నీ అంతే. ఐసు దిమ్మెకు వదిలించుకోవలసిన వేడి ఏదీ ఉండదు. ఫ్రీజరుకు ఉంటుంది. నేను దాని ముక్కూ నోరూ మూసేసి, ఆయాసపడుతోంది పాపం అని ఇంకో దుప్పటి కప్పాను.

"ఈ గోడల్నుంచి," అన్నాను.

"ఆ గోడలకు నువ్వేం చేసినావు?"

"పొట్టు కప్పినా."

"మీద?"

"బొంత."

"దాని మీద?"

"మాబు చొక్కా."

బావ శివణ్ణ వైపు తిరిగాడు.  గాడి మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. మొదట చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి. తర్వాత చప్పుడు వచ్చింది. "అణ్ణా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, "వీడు మా బామ్మర్ది. పిల్లోళ్లకు సైన్సు చెప్తాడు." అక్కడినుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ఐసు దిమ్మె, కిటికీ మూయడం, మాబు తుమ్ములు, ఆయన పోగానే నేను పొట్టు ఎత్తడం, అన్నీ. మాబు తుమ్మినట్టు తుమ్మి చూపించాడు. కర్రతో పొట్టు కూరే నా భంగిమ లేచి నిలబడి చూపించాడు. ఇన్ని నెలలుగా మాట్లాడని మాటలన్నీ నా ఒక్కడి మీదే ఖర్చు పెట్టాడు.

శివణ్ణ నవ్వీ నవ్వీ తడిక పట్టుకున్నాడు. వీధిలోనుంచి మాబు లోపలికి వచ్చి, సంగతి విని, "గుడ్లు పొదిగే మిషనే కదన్నా, దాని పని అది చేసినాది," అని ఒకసారి తుమ్మాడు.

నేను అక్క వైపు చూశాను. ఆమె కోడిపిల్లను పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. చూస్తున్నది కోడిపిల్లను కాదు.

నవ్వులు తగ్గాక శివణ్ణ ఆ గ్లాసు మళ్లీ అందుకున్నాడు. ఇంకో గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద చాలాసేపు ఉంచుకున్నాడు.

"మాల్టు సరిగ్గ ఉండాది," అన్నాడు. "చేదు సరిగ్గ ఉండాది. రాగి కలిపినావు, అది నాకు నచ్చినాది. చల్లదనం ఒక్కటే లేదు. అది నీ చేతి తప్పు కాదు, ఈయప్ప చేతి తప్పు. మాల్టు నేను పంపిస్తా. ఇంకోసారి చెయ్."

"చేస్తా అణ్ణా."

"ఒక్క షరతు. మీ బామ్మర్దిని కొట్టంలోకి రానీయద్దు."

షరతు అక్షరాలా అమలైంది. రెండో బీరు పులిసినన్నాళ్లు నేను గడప అవతలినుంచే అంకె ఎంత అని అడిగేవాణ్ణి. పన్నెండు అని లోపలినుంచి జవాబు వచ్చేది. ఫ్రీజరు ఒట్టి ఒంటితో, హాయిగా నడిచింది. నల్లకోడి పిల్లలతో దాని చుట్టూ తిరిగింది. శివణ్ణకు ఒక సీసా బస్సులో పోయింది, నాలుగు రోజులకు ఫోను వచ్చింది, బావ ట్రంకుపెట్టె సర్దుకున్నాడు.

అప్పటినుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా బావ ఒక పని చేసేవాడు. బస్సు దిగి ఇంటికి వచ్చే దారిలో శనక్కాయల మిషను దగ్గర ఆగి, గుప్పెడు పొట్టు తీసుకునేవాడు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకముందే, దాన్ని నా చొక్కా జేబులో పోసేవాడు. "పెట్టుకోప్పా, చల్లగుంటాది," అనేవాడు. నా పెళ్లిలో పీటల మీద కూర్చున్నప్పుడు కూడా పోశాడు. మా మామగారు అదేదో మా వైపు ఆచారమనుకుని తనూ కొంచెం పోశారు.

కొన్నేళ్లకు ఒకరోజు హోటల్లో పని మధ్యలో కాసేపు కూర్చుంటానని కూర్చుని, బావ లేవలేదు. శివణ్ణే తీసుకొచ్చాడు. ఆ రోజు గురించి నేను రాయను.

ఫ్రీజరు ఇంకా కొట్టంలోనే ఉంది. పనిచేయదు. ఎలుకలు దూరవని అక్క అందులో రాగులు పోసుకుంటుంది. కోళ్లు దాని మూత మీద పడుకుంటాయి, ఆమె తోలదు.

ఇక ప్రమాణం. ఎద్దులు నిలబడిన చోట నిలబడి, నల్లకోడి సంతతి సాక్షిగా, తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇకమీదట ఏ యంత్రాన్నీ దాని మేలు కోరి కప్పను. ఆయాసపడేదాన్ని చూస్తే ముందు దాని మీదున్నది తీస్తాను. మెకానిక్కు చొక్కా ఎవరినీ అడగను.

శనక్కాయల మిషను ఇప్పటికీ నడుస్తోంది. నేను రోజూ ఆ దారినే బడికి పోతాను. నా జేబులో ఇప్పుడు ఎవరూ పొట్టు పోయరు.